నాలుగు మూలలా పసుపు పూసిన జాబు

ప్రభవ మొదలుకొని అక్షయ వరకు అరవై పేర్లతో తిరిగే కాలచక్రం తన చుట్టు ఒకటి పూర్తిచేసుకొని మళ్ళీ దుర్మతి నామ సంవత్సరం వద్దకు వచ్చిన నాటికి, అనగా తిరుత్తణి కొండ దిగువన నేతవారి వీధిలో మరమగ్గాల హోరు చేమగ్గాల లయను మింగివేయడం మొదలుపెట్టి, ఉన్నత పాఠశాలలో తెలుగు తరగతి ఒక్క బల్లకు కుదించుకుపోయి, కొండ మీది కుమారస్వామి ఒక్కడే ఎప్పటివలె తన మెట్లన్నీ తనవద్దే ఉంచుకొని నిలిచి ఉన్న 1981వ సంవత్సరం నాటికి, పడుగుల నడుమ పుట్టి, విద్వాన్ పరీక్ష నెగ్గి, తలలు నెరిసేదాకా పిల్లలకు యతిప్రాసలు నూరిపోసి, పింఛను పుచ్చుకొని అరుగు మీద కూర్చున్న తెలుగు పండితులు శివరామయ్యగారు, తాము పుట్టిన ఏడు కూడా ఆ దుర్మతియే కావడం చేత, పేరుకు తగిన బుద్ధి తమయందు చెక్కుచెదరక నిలిచి ఉన్నదని ఒప్పుకొనేవారు. అందుకు ఋజువు అడిగిన వారికి అటక మీది ఒక పుస్తకం చూపేవారు.

అది సంతకాల పుస్తకం. అందులో పరుగుపందెగాళ్ళు, హాకీ ఆటగాళ్ళు, మల్లయోధులు, వైణికులు, మృదంగ విద్వాంసులు తమ తమ పేర్లు తమ చేతులతో గీసి ఉన్నారు. నామరూపాలు నశ్వరమని తరగతిలో ఏటేటా బోధించిన పెద్దమనిషి, ఆ నశ్వరమైన నామాలనే ఒక్కొక్కటిగా ఏరి, అద్దుడు కాగితం నడుమ ఆరబెట్టి, దేవుని పటం కంటె పదిలంగా దాచుకొన్నాడు. ఈ సంగతిని ఆయనకు ఎవరూ ఎత్తిచూపనక్కరలేదు. ప్రతి ఉదయం సంధ్యావందనం ముగించి ఆచమించిన చేతితోనే పుస్తకం దుమ్ము దులిపేటప్పుడు, "వైరాగ్యానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు నాయనా" అని తమకు తామే చెప్పుకొని నవ్వుకొనేవారు.

ఈ జబ్బు ఆయనకు తిరువళ్ళూరులో పట్టింది. ఏడెనిమిదేళ్ళ కిందట అక్కడ హాకీ పోటీలు జరిగాయి. ఆటల మాస్టరుకు జ్వరం తగిలింది. పిల్లలను వెంటబెట్టుకొని పోవడానికి ఖాళీగా ఉన్నవారెవరా అని ప్రధానోపాధ్యాయులు చూస్తే, తెలుగు పండితులు కనబడ్డారు. అంతకుముందు హాకీ కర్రను పశువులను అదిలించే కర్రగా తప్ప ఎరుగని శివరామయ్యగారు, పంచాంగం చంకన పెట్టుకొని వెళ్ళి, మైదానం గట్టున గొడుగు వేసుకొని కూర్చున్నారు.

చివరి ఆట పెద్దలది. అందులో పొన్నేరి సుందరరాజ్ గోలు కాచాడు. ఒకప్పుడు రాష్ట్ర జట్టుకు ఆడినవాడు. బంతి ఎటునుండి వచ్చినా ఆ మనిషి ముందుగానే అక్కడ ఉన్నాడు. ద్వారపాలకులను గురించి ఇన్నేళ్ళు పద్యాలు చదివి చెప్పిన పండితులు, నిజమైన ద్వారపాలకుడిని ఆనాడే చూశారు. ఆట ముగియగానే కుర్రకారు పుస్తకాలు పట్టుకొని అతని చుట్టూ మూగింది. శివరామయ్యగారి కాళ్ళు వారి అనుమతి అడగకుండానే ఆ గుంపులోకి నడిచాయి. చేతిలో పంచాంగం తప్ప వేరే కాగితం లేదు. దాన్నే చాచారు.

సుందరరాజ్ పంచాంగం వంక చూశాడు, విభూతి రేఖల వంక చూశాడు, చెమట తుడుచుకొని వినయంగా తన అరచేయి చాచాడు.

"చూసి చెప్పండి సామీ. ఈ యేడుతో ఆట వదిలిపెడదామని ఉండాను" అన్నాడు.

తమకు సాముద్రికం రాదని చెప్పడానికి నోరు తెరిచారు శివరామయ్యగారు. అయితే వెనుకనున్నవారంతా నిశ్శబ్దమై వింటున్నారు. ఇంతమంది ఎదుట పండితుడు రాదని చెప్పుట ఎట్లా? ఆ చేతిని పట్టుకొని, కాయలు కాచిన ఆ అరచేతిలో ఒక్క రేఖ కూడా కనబడకపోయినా, "చేతికి వచ్చినది జారని చేయి ఇది. అప్పుడే వదలకు" అన్నారు. సుందరరాజ్ నమస్కరించి జీపెక్కాడు. సంతకం అడగనే లేదు. ఉత్త చేతులతో ఇంటికి పోవడానికి మనసొప్పక, రెండవ జట్టులో ఆడకుండా గట్టున కూర్చున్న ఒక అబ్బాయి చేత పంచాంగంలో సంతకం చేయించుకొన్నారు. మరునాడు భార్య సరసమ్మ రాహుకాలం చూడబోయి, "ఏమండీ, గురువారం మీద ఎవరో గీకినారే, ఇదేమి యోగం?" అని అడిగింది. ఆనాడే పుస్తకం ఒకటి కొన్నారు.

ఆ తరువాత ఆయన సాధించిన విజయాలు ఆయన నోటనే వినదగినవి. కుమారస్వామి ఉత్సవమైన ఆడికృత్తికనాడు కొండ కింద జరిగిన కచేరీలో మృదంగ విద్వాంసుడని తలచి ఆయన సంతకం తీసుకొన్న వ్యక్తి, మైకుసెట్టు పెట్టడానికి వచ్చినవాడు. ఏడాది తరువాత వేరొక కచేరీలో అతడు తీగలు చుట్టుకొంటూ కనబడేదాకా ఆ పుటకు చందనం బొట్టు పెట్టి ఉంచారు. మద్రాసులోని ఒక క్రీడాసంఘానికి, పరుగువీరుని పాదవేగాన్ని వాయువుతో పోల్చి ఉత్పలమాల వ్రాసి పంపితే, సంఘంలో ప్రస్తుతం ఖాళీలు లేవనీ, దరఖాస్తు భద్రపరిచామనీ బదులు వచ్చింది. దానికింద కార్యదర్శి సంతకం ఉన్నది. దాన్నీ కత్తిరించి అంటించారు.

తపాలా బంట్రోతు కేశవన్ ఈ చరిత్రకంతటికీ సాక్షి. అతడు సైకిలు దిగకముందే అరుగు మీద పండితులు లేచి నిలుచునేవారు. మేఘం కోసం చాతకపక్షి నోరు తెరుచుకొని ఉంటుందని పిల్లలకు చెప్పిన మనిషి, తాము నోరు తెరుచుకొని నిలబడ్డారని తెలుసుకొని మూసుకొనేవారు. "ఇల్ల సార్" అనేవాడు కేశవన్, ఏమీ రాలేదని చేయి ఊపుతూ. ఆ రెండు మాటలకు మించిన ఉపనిషత్తు లేదని ఆయన నమ్మకం.

దుర్మతి ఏడు కార్తీకం దాటింది. ఒకనాటి సాయంకాలం సరసమ్మ ఇంటి చావడిలో కూర్చొని రాట్నం మీద కండెలు చుడుతున్నది. ఎదురింటి గోవిందమ్మ మగ్గానికి అవి కావాలి. గోవిందమ్మ కూడా అక్కడే కూర్చొని చిక్కుపడిన నూలు విడదీస్తున్నది.

"ఏమండీ, మాఘంలో మీకు అరవై నిండుతాయి" అన్నది సరసమ్మ, రాట్నం ఆపకుండానే.

"కాలస్య గతిః" అన్నారు ఆయన, పుస్తకం మీదినుండి తల ఎత్తకుండా.

"గతి సంగతి కాదు నేను చెప్పేది. తాళి ఇంకొక తూరి కట్టేది ఉంటుంది గదా. మా అమ్మకు చేసినారు, మీ అమ్మకు చేసినారు."

శివరామయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడిచారు. ఆ పని మొదలుపెట్టారంటే ఉపన్యాసం రాబోతున్నదని ఆ ఇద్దరికీ తెలుసు. షష్టిపూర్తి వంటి కర్మలు దేహాభిమానాన్ని పెంచుతాయనీ, అరవై నిండినవాడు పూలదండకు మెడ చాచడం కంటె తులసిమాలకు చేయి చాచడం మేలనీ, ముసలితనంలో మేళతాళాలు లోకుల నవ్వుకే కారణమనీ ఆయన వివరించారు.

"దేహాభిమానం లేనోళ్ళు గోలు కాచేవాని సంతకానికి ఎండలో నిలబడుకోరు" అన్నది సరసమ్మ.

గోవిందమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొన్నది. "చెప్పు వదినా, ఇంకొంచెం గట్టిగా చెప్పు. చెవి కూడా అరవై ఏండ్లదే గదా" అన్నది.

ఆయనకు తోచిన బదులు చెప్పదగినది కాదు. షష్టిపూర్తి కన్నపిల్లలు చేయించే వేడుక. కొడుకులు నీళ్ళు పోస్తారు, కూతుళ్ళు హారతి పడతారు. తమ ఇంట ఆ పీటలు వేసేవారు లేరు. ఖాళీ పందిట్లో ముసలి దంపతులు ఇద్దరే కూర్చొని ఒకరి మెడలో ఒకరు దండ వేసుకొనడం ఆయన కళ్ళ ముందు కదిలింది. ఆ బొమ్మను చూడలేక దాని మీద వేదాంతం కప్పారు. దుప్పటి చాలనివాడు కాళ్ళు ముడుచుకొన్నట్టు, ధైర్యం చాలనివాడు శ్లోకం చదువుతాడు. ఈ ఉపమానం బాగున్నదని ఆ స్థితిలో కూడా ఆయనకు తోచింది.

"అరవై ఏళ్ళకు అరవై సంతకాలు" అన్నారు చివరకు. "పుస్తకం నిండడానికి కొన్ని పుటలే మిగిలినవి. ఆ రోజుకు నిండితే అదే నాకు పూర్తి."

సరసమ్మ రాట్నం ఆగింది. "సరి" అన్నది. మళ్ళీ తిప్పసాగింది. ఆమె పెట్టె అడుగున, గోవిందమ్మ మగ్గం మీద ముందటి ఏడే నేయించి పెట్టుకొన్న లక్క ఎరుపు, ఆ ఊరివారనే అరక్కు రంగు చీర ఒకటి మడతలో ఉన్నది. సరసమ్మ దాని మాట ఎత్తలేదు. గోవిందమ్మ ఎత్తబోయింది కాని, వదినె చూపు చూసి నూలుపోగు నోట కరుచుకొన్నది.

శివరామయ్యగారు మరునాడే పనికి దిగారు. ఈసారి పోస్టుకార్డులు పనికిరావని నిశ్చయించుకొని, మందమైన తెల్లకాగితాలు తెప్పించారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పద్యం. పొన్నేరి సుందరరాజ్‌కు ఈ కందం:

కోటకు కావలి నీవయ
దాటదు బంతియు గడపను దాపున నిలుచున్
సాటి యెవరు నీ కిలలో
చాటఁగ నొక సంతకమిడి చల్లగ మనుమా

కనకమ్మ సత్రం అనే ఊరి నాదస్వర విద్వాంసుడు రత్నస్వామికి సీసం. ఆయన ఊపిరిని మలయమారుతంతో పోల్చడానికి రెండు రోజులు పట్టింది. మరికొందరికి తేటగీతులు. పద్యానికి పైన నడిమిగా "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని వ్రాశారు. ఫలానా తేదీనాటికి సంతకం అందగోరుతున్నానని ఒక్క పంక్తి తెలుగులోనే వ్రాసి, ఆ తేదీని మాత్రం పెద్ద అంకెలలో, ఊరును, వీధిని తమిళంలోను ఇంగ్లీషులోను స్పష్టంగా చేర్చారు. అన్నీ ముగిశాక తమ తండ్రి జ్ఞాపకం వచ్చాడు. కొత్త పడుగు మగ్గానికి ఎక్కించిన రోజున పసుపు పెట్టకుండా ఆయన పేక నూలు నడిపే నాడె చేతబట్టేవాడు కాడు. ఏ పని తలపెట్టినా పసుపుతో మొదలుపెట్టాలన్నది ఆ ఇంటి ఆచారం. శివరామయ్యగారు వంటింట్లో నుండి పసుపు తెచ్చి, తడిపి, జాబులన్నిటికీ నాలుగు మూలలా పూశారు.

"మాఘమాసపు తేదీ, పైన శ్రీరస్తు, నాలుగు మూలలా పసుపు" అన్నది సరసమ్మ, తలుపు దగ్గర నిలబడి చూస్తూ. "చూసేవాళ్ళు ఏమనుకొంటారో."

"రసజ్ఞులు రసజ్ఞులుగానే అనుకొంటారు" అన్నారు పండితులు. ఆ జాబు అందుకొనేవారిలో చాలామందికి తెలుగు మాటలు వచ్చునే గాని అక్షరాలు రావన్న సంగతి, తెలుగు తరగతి ఒక్క బల్లకు రావడం కళ్ళారా చూసిన ఆ మనిషికి ఆ క్షణంలో తట్టలేదు. తమ పద్యాలు చదవనివారు ఉంటారని ఊహించడానికి కవికి చాలా వినయం కావాలి.

పుష్యం గడిచింది. "ఇల్ల సార్." మాఘం వచ్చింది. "ఇల్ల సార్." ఒక్క సంతకమూ రాలేదు. పుట్టినరోజు ఉదయం శివరామయ్యగారు తలంటుకొని, కొత్త పంచె కట్టుకొని, పుస్తకం ముందు పెట్టుకొని అరుగు మీద కూర్చున్నారు. సరసమ్మ పాయసం చేసింది. మామూలు చీరలోనే ఉన్నది. ఆమె ఏమీ అనకపోవడమే ఆయనకు భారంగా తోచింది. నాలుగు మాటలు అని ఉంటే ఒక శ్లోకంతో తప్పించుకొనేవారు.

అప్పుడు వీధి మొదట డోలు మీద ఒక దెబ్బ వినబడింది. సైకిలు నడిపించుకొంటూ కేశవన్ వస్తున్నాడు. అతని వెనుక పట్టు అంగవస్త్రం వేసుకొన్న ఒక పెద్దమనిషి, గుడ్డ సంచిలో పొడవాటి నాదస్వరం పట్టుకొని. ఆ వెనుక డోలు మోస్తున్న మనిషి.

"సార్, ఈ తూరి తపాలా మనుషులుగా వచ్చింది" అన్నాడు కేశవన్. "బస్సు దిగి కల్యాణ వీడు ఎదు, పెండ్లి ఇల్లు ఏది అని అడిగినారు. విలాసం చూస్తే మీది."

పెద్దమనిషి ముందుకు వచ్చి చేతులు జోడించాడు. "కనకమ్మ సత్రం రత్నస్వామి. పందిరి యాడ వేసినారయ్యా? ముహూర్తం ఎన్ని గంటలకు?"

శివరామయ్యగారు వెనక్కి తిరిగి తమ గుమ్మం చూసుకొన్నారు. రత్నస్వామి నడుముకు దోపుకొన్న జాబు తీసి చూపాడు. నాలుగు మూలలా పసుపు. "తాంబూలం పెట్టి పిలవలేదే అనుకొన్నా. చదువుకొన్న అయ్యవారు, మరిచిపోయుంటారులే అని వచ్చేసినా. పసుపు పూసిన పిలుపు వస్తే మా నాయన కూడా కాదన్నోడు కాదు. తేదీ, ఊరు చదివించుకొన్నాము. ఈ నడిమి రాసిండేది పెండ్లికొడుకు తాతముత్తాతల పేర్లు గదా?"

అవి తాతముత్తాతల పేర్లు కావు, సీసపద్యం. మలయమారుతంతో సహా.

ఇంతలో రైలు దిగి వచ్చినవారు మరిద్దరు వీధి మలుపు తిరిగారు. భుజాలు కొంచెం వంగినా ద్వారమంత మనిషి, పక్కన ఆయన భార్య. ఆమె నడుము మీద మెరుస్తున్న ఎవర్‌సిల్వర్ బిందె. పొన్నేరి సుందరరాజ్. ఏడెనిమిదేళ్ళుగా కలలో కూడా ఏ చేతి గీత కోసం ఎదురుచూశారో ఆ చేయి, ఇప్పుడు అరుగు స్తంభాన్ని పట్టుకొని ఆయాసం తీర్చుకొంటున్నది.

"పెండ్లి పత్తిరికై అందింది సార్. ఎవరిదో తెలియలే. తెలుగు మాట్లాడను వస్తుంది గాని చదవను రాదు నాకు" అన్నాడు సుందరరాజ్. "తెలియనోళ్ళైనా పసుపు పెట్టి పిలిస్తే పోకుండా ఉండకూడదు అనింది ఈమె. సరి, మాప్పిళ్ళై యారు, పెండ్లికొడుకు ఎవరు?"

శివరామయ్యగారు చటుక్కున లేచి, "ఒక్క నిమిషం" అని ఇంట్లోకి వెళ్ళారు. మర్యాదకు నీళ్ళు తేవడానికి అనుకొన్నారు వచ్చినవారు. ఆయన వెళ్ళింది కలం కోసం. ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు, పుస్తకం అరుగు మీద ఉన్నది. రెండు నిమిషాలలో సంతకాలు చేయించుకొని, పాయసం పెట్టి, పొరపాటు జరిగిందని చెప్పి పంపివేయవచ్చు. ఆయన ఆలోచన అంతవరకు నడిచింది.

వంటింటి గుమ్మంలో సరసమ్మ నిలబడి ఉన్నది. మాటలన్నీ విన్నది.

"కలం కోసమా?" అన్నది.

ఆయన గూట్లోని కలం చేతిలోకి తీసుకొన్నారు.

"అక్షింతలు వేయను వచ్చినారు వాళ్ళు. తెలియని ముఖాలు. రైలెక్కి, బస్సెక్కి, బిందె మోసుకొని వచ్చినారు. మీరు పోయి కాగితం చూపించి పేరు రాయమంటారా?" ఆమె గొంతు పెరగలేదు. "పిల్లలు లేరని గదా మీరు శ్లోకాలు చదివినారు. నాకు తెలియదనుకొన్నారు. పోండి, పోయి ఏమి చెప్పాలనుకొంటే అది చెప్పండి."

కలం ఆయన చేతిలో ఉన్నది. దాన్ని చూస్తే, ఇన్నేళ్ళూ ఊరూరా తిరిగి పెద్దల పేర్లు పోగుచేసినవాడు ఇంట్లో ఒక్క మనసులో వ్రాసి ఉన్న దాన్ని చదవలేదన్న సంగతి స్పష్టంగా కనబడింది. చదవను రాదని సుందరరాజ్ నిజాయితీగా ఒప్పుకొన్నాడు. తాము ఆ మాట కూడా ఒప్పుకోలేదు. కలాన్ని గూట్లో పెట్టి, వరుసగా మూడుసార్లు గొంతు సవరించుకొని బయటికి వచ్చారు.

"పెండ్లికొడుకును నేనే" అన్నారు.

డోలు మనిషి డోలు కింద పెట్టాడు. సుందరరాజ్ భార్య బిందెను ఇటు నడుము నుండి అటు నడుముకు మార్చుకొన్నది.

"పెండ్లికూతురు?" అన్నాడు రత్నస్వామి, చాలా మెల్లగా.

"లోపల ఉన్నది. పాతదే" అన్నారు శివరామయ్యగారు. "నాకు ఈనాటితో అరవై నిండినవి. షష్టిపూర్తి వద్దని నేనే అన్నాను. పందిరి లేదు, పురోహితుడు లేడు, చేయించే పిల్లలు లేరు. ఆ జాబులో నేను అడిగింది మీ సంతకం. పసుపు పూసింది నా తెలివి."

సుందరరాజ్ దగ్గరికి వచ్చి ఆయన ముఖం పరీక్షగా చూశాడు. "మీరు తిరువళ్ళూరులో నాకు చేయి చూసి చెప్పిన సామి గదా" అన్నాడు. "ఆ మాట పట్టుకొని ఇంకొక రెండేండ్లు ఆడినా."

"నాకు చేయి చూడడం రాదు" అన్నారు శివరామయ్యగారు. ఇక దాచడానికి ఏమీ మిగలలేదు.

"నాకు తెలుసు. మీరు నా ఎడమ చేయి పట్టుకొని కుడి చేయి జాతకం చెప్పినారు." సుందరరాజ్ నవ్వుతూ చెప్పులు విడిచాడు. "పరవాలేదు. పందిరి ఎంతసేపు? అమ్మను రమ్మనండి."

ఆ తరువాత ఆ ఇంట శివరామయ్యగారి పెత్తనం సాగలేదు. గోవిందమ్మ ఎదురింటి నుండి పరుగెత్తుకొని వచ్చి, పెట్టె మూత తెరిచి అరక్కు రంగు చీర వదినె చేతిలో పెట్టి, "ఇంకా ఎవరికోసం దాచినావు?" అని గదమాయించింది. మగ్గం మీది నాలుగు వెదురు గడలు అరుగు మీద నిలిచి పందిరి అయ్యాయి. వీధిలోని ఆడవాళ్ళు మామిడాకులు తెచ్చారు. తాళికి బంగారం వెతకబోతే గోవిందమ్మ అడ్డుపడి, పడుగు నూలు పోగులు తెంపి పేని, సరసమ్మ వంటింటి పసుపులోనే ముంచి, పసుపుకొమ్ము కట్టింది. జాబుల మూలలకు పూసింది ఆ పసుపే.

పురోహితుడు దొరకలేదు. మాఘమాసపు ముహూర్తాలు వారందరినీ వేరే పందిళ్ళకు ఎగరేసుకొని పోయాయి. మంత్రం తెలిసినవాడు ఆ వీధిలో ఒక్కడే, అతడే వరుడు. కనుక శివరామయ్యగారు పీట మీద కూర్చొని, పురోహితుని గొంతుతో సంకల్పం చెప్పి, వరుని గొంతుతో దానిని తిరిగి పలికారు. "మమ" అనవలసిన చోట ఆగి, తమ కోసం తామే వేచిచూశారు. గోవిందమ్మ, "దక్షిణ ఎవరికి అన్నా, నీ కుడి చేతికా, ఎడమ చేతికా?" అని అడిగింది. పెండ్లి పీట మీద నవ్వకూడదని ఆయన పెదవి బిగబట్టారు. సరసమ్మ బిగబట్టలేకపోయింది.

కొడుకు స్థానంలో కలశం నీళ్ళు పోయడానికి సుందరరాజ్ నిలబడ్డాడు. వచ్చినదాన్ని అడ్డుకోవడమే నేర్చిన ఆ పెద్ద చేతులు, నీళ్ళు ఒలికిపోకుండా ఒద్దికగా పోశాయి. అతని భార్య హారతి పట్టింది. సూత్రం కట్టే వేళకు రత్నస్వామి ఊపిరి నింపుకొన్నాడు. మలయమారుతమని తాము వ్రాసినది అతిశయోక్తి కాదని శివరామయ్యగారికి అప్పుడు తెలిసింది. అయితే ఆ పోలికను మెచ్చుకొనే తీరిక లేదు. పసుపుతాడు ముడి వేళ్ళకు అందడం లేదు. సరసమ్మ మెడ వంచి, "నిదానంగా వేయండి. పోయిన తూరి కూడా ఇట్లే వణికినారు" అన్నది.

పాయసం చాలలేదు. గోవిందమ్మ ఇంటి నుండి, పక్కింటి నుండి గిన్నెలు వచ్చాయి. భోజనాలైన తరువాత సుందరరాజ్ తన జాబు తీసి, "ఇందులో ఏమి రాసినారో చదివి వినిపించండి" అన్నాడు. శివరామయ్యగారు కందాన్ని రాగయుక్తంగా చదివారు. విన్న తరువాత సుందరరాజ్ జాబును మళ్ళీ జాగ్రత్తగా మడిచాడు. "గోలు వదిలిపెట్టిన ఆటలు కూడా ఉన్నాయి సార్" అన్నాడు. "అవి పద్యంలో పట్టవు" అన్నారు పండితులు.

అతిథులను సాగనంపడానికి అందరూ స్టేషను దాకా నడిచారు. రైలు కదిలి, చివరి పెట్టె కనుమరుగైన తరువాత, శివరామయ్యగారు నడిరోడ్డు మీద నిలిచిపోయారు. సంతకం. అడగడం మరిచిపోయారు. అంతకుముందే బస్సెక్కిన రత్నస్వామినీ అడగలేదు.

సరసమ్మ నవ్వు ఆపుకోలేక రోడ్డు పక్కన మైలురాయి మీద కూర్చున్నది. "మళ్ళీ జాబు రాయండి" అన్నది. "ఈ తూరి పసుపు లేకుండా."

ఇంటికి వచ్చి చూస్తే పుస్తకం అరుగు మూలలో పడి ఉన్నది. పీటలు వేయడానికి చోటు కావలసి సరసమ్మ దాన్ని పక్కకు నెట్టినప్పుడు తెరుచుకొన్నది కాబోలు, చివరి ఖాళీ పుట మీద ఆమె తడి పసుపు చేయి అయిదు వేళ్ళతో పడి ఎండిపోయింది. మరొకనాడైతే పుట పాడైపోయిందని గగ్గోలు పెట్టి ఉండేవారు. ఆనాడు కళ్ళద్దాలు పెట్టుకొని దానిని కొంతసేపు చూశారు. అన్ని సంతకాల కింద వ్రాసినట్లే, దాని కింద కూడా పేరు, ఊరు, తేదీ వ్రాశారు. ఈ ఒక్క సంతకానికి అర్జీ పెట్టలేదు, పద్యం వ్రాయలేదు, ఎండలో నిలబడలేదు, తపాలా బిళ్ళ అంటించలేదు; అయినా వచ్చింది. ఎందుకు వచ్చిందో తమ అర్హతలో వెతికి చూసి, కారణం దొరకక, పుస్తకం మూసి అటక మీద పెట్టారు. మరునాడు కేశవన్ సైకిలు దిగకముందే చేయి ఊపి, "ఇల్ల సార్" అన్నది పండితులే.

పసుపు పూసి పిలిచినది ఎందుకో తెలియకపోయినా పిలుపును మన్నించి వచ్చే మనుషులు ఆ గడపకు ఎన్నడూ కరువు కాకుందురు గాక. సరసమ్మ మెడలోని నూలుపోగు పసుపు వెలవెలబోకుండును గాక. పద్యం తప్పినా పాయసం తప్పని ఆ ఇంట కుమారస్వామి చల్లని చూపు నిలిచి, ఆ దంపతులు నూరేళ్ళు నిండుగా, నవ్వుతూ వర్ధిల్లుదురు గాక.